ఎలుగు నడుముకు గంట

వెల్కోకి కోపం ముక్కుమీద ఉంటుందని వ్రాన్‌దోల్‌లో ఊరందరూ అంటారు గాని అది తప్పు. ముక్కుమీద ఉంటే కనీసం ఎదుటివాడికి కనిపించేది. వెల్కో కోపం అతను పనిచేసే బొగ్గుగనిలో పేరుకునే గాలిలాంటిది. రంగూ ఉండదు, వాసనా ఉండదు. అగ్గిపుల్ల గీసినవాడికే తెలుస్తుంది, వాడికి కూడా కాస్త ఆలస్యంగా.

కిందటేడు ఆ అగ్గిపుల్ల గీసినవాడు పెర్నిక్ పట్నం నుంచి వచ్చే బస్సు డ్రైవరు. బస్సులో ఎవరిదో చంటిపిల్ల గుక్కపట్టి ఏడుస్తుంటే వెల్కో కొడుకు కామెన్ చెవులు మూసుకుని కిటికీ అద్దానికి తల బాదుకోవడం మొదలుపెట్టాడు. "ఆ పిచ్చి వెధవని దింపు, లేకపోతే నువ్వు కూడా దిగు" అన్నాడు డ్రైవరు. వెల్కో దిగాడు. దిగుతూ డ్రైవరుని కూడా కాలరు పట్టుకుని దించాడు. రోడ్డు పక్క మంచులో వాడి గుండెలమీద కూర్చుని కొట్టాడు. దవడ ఎముక విరిగిన చప్పుడు బస్సులో వెనక కూర్చున్న ముసలమ్మకి కూడా వినబడిందట. ఆవిడే కోర్టుకొచ్చి చెప్పింది.

జడ్జి ఆడమనిషి. భార్య పోయినవాడు, పద్నాలుగేళ్ళ కొడుకు ఆటిజం పిల్లవాడు అని కాస్త మెత్తబడింది. జైలుశిక్ష వేసి, అమలు చెయ్యకుండా ఆపింది. ఇంకొక్కసారి ఎవరిమీద చెయ్యి చేసుకున్నా ఆ శిక్ష లేచి కూర్చుంటుందని కళ్ళజోడు తీసి మరీ చెప్పింది. వెల్కో లోపలికి పోతే కామెన్‌ని సర్కారు హోముకి పంపుతారు. అక్కడ మొండి పిల్లల్ని మంచానికి కట్టి ఉంచుతారని ఊళ్ళో అనుకుంటారు. అందుకని ఆ ఏడాదంతా వెల్కో తన రెండు చేతుల్నీ అరువు తెచ్చుకున్న చేతుల్లా చూసుకుంటూ తిరిగాడు.

ఇక కొడుకు. లోపల ఏదైనా పొంగితే కామెన్ ముందు తన తలనే గోడకేసి కొట్టుకునేవాడు. నుదుటిమీద ఎప్పుడూ ఒక పచ్చిపుండు ఉండేది. ఆపబోయినవాళ్ళని కరిచేవాడు. వెల్కో మోచేతుల నిండా ఆ పళ్ళ గుర్తులే. అమ్మమ్మ స్తానా ఒకసారి వంటింట్లో వాడి చేతిలోని రొట్టె కత్తి తీసుకోబోతే, ఆవిడ మణికట్టు మెలిపెట్టి విరిచేశాడు. ఆవిడ పిండికట్టుతో వచ్చి అల్లుడి ముందు కూర్చుంది.

"నా కూతురి కడుపున పుట్టినవాడు, నా ప్రాణమే. కానీ ఒరే వెల్కో, నాకు వాడంటే భయమేస్తోంది. నువ్వుండగా వస్తాను, వండిపెడతాను. నువ్వు లేకపోతే మాత్రం వాణ్ణి నా దగ్గర పెట్టుకోలేను. ముందే చెబుతున్నా, తరవాత ముసల్దాన్ని తిట్టుకోకు."

"తిట్టుకోను అత్తా" అన్నాడు వెల్కో. ఆవిడ గుమ్మం దాటగానే తిట్టుకున్నాడు.

ఆ చలికాలం మొదట్లో బడి ఆవరణలో ఇద్దరు కుర్రాళ్ళు సరదాగా కలబడి మంచులో దొర్లుతున్నారు. పైనున్నవాడు కలప కోత మిల్లు క్రూమ్ కొడుకు. అది ఆటని కామెన్‌కి తెలియలేదు. కిందివాణ్ణి చంపేస్తున్నారనుకున్నాడు. వెళ్ళి పైవాణ్ణి వెనకనుంచి లాగి రాతిమెట్ల మీద పడేశాడు. పిల్లవాడి మెడకింది ఎముక రెండు ముక్కలైంది.

సాయంత్రానికల్లా క్రూమ్ గొడ్డలి పట్టుకుని వెల్కో గేటు దగ్గరికొచ్చాడు.

"నీ కొడుకుని గొలుసేసి కట్టుకో. నీకు చేతకాకపోతే చెప్పు, నేను కడతా."

"తప్పయింది క్రూమ్. వాడికి తెలియలేదు."

"తెలియనివాణ్ణి జనంలోకి ఎందుకు వదిలావు? నా కొడుకు అన్నం తినలేకపోతున్నాడు, చెయ్యి ఎత్తలేక. నీవాడు లోపల హాయిగా కూర్చుని మింగుతున్నాడా?"

గొడ్డలి గేటు చెక్కలో దిగబడింది. వెల్కో గేటు ఇవతల ఇనుప కమ్మీలు పట్టుకుని నిలబడ్డాడు. కదిలితే హోము, అంతే. క్రూమ్ ఉమ్మేసి వెళ్ళాక చూసుకుంటే ఒక కమ్మీ వంగిపోయి ఉంది, అరచేతుల తోలు దానికి అంటుకుని ఉంది.

జోర్నిత్స అనే టీచరు ఆ బడికి వచ్చింది అప్పుడే. ఇలాంటి పిల్లలకి నేర్పడానికే చదువుకుంది. మనిషి చీపురుపుల్ల, గొంతు మాత్రం గని సైరను. మొదటివారమే కామెన్ ముందు మొహాల బొమ్మలు పరిచింది. నవ్వే మొహం, అరిచే మొహం, భయపడే మొహం. నవ్వే మొహం చూపిస్తే వాడు "పళ్ళు" అన్నాడు. అరిచే మొహం చూపించినా "పళ్ళు" అన్నాడు.

"తప్పేం చెప్పలేదులే" అని నవ్వింది ఆవిడ. "పళ్ళేగా మరి."

అదే రోజు పక్కగదిలో ఏదో బల్ల పడి పెద్ద చప్పుడైంది. కామెన్ గోడకి తల బాదుకోవడం మొదలుపెట్టాడు. జోర్నిత్స వాడి వెనక్కి వెళ్ళి, రెక్కల మధ్య వీపుమీద అరచెయ్యి ఆనించి తన బరువంతా వేసి నొక్కింది. "కూర్చో. ఊపిరి వదులు." వాడు తల వెనక్కి విసిరాడు. ఆవిడ ముక్కు పగిలి నెత్తురు చొక్కామీదికి కారింది. గుమ్మంలో నిలబడ్డ వెల్కో లోపలికి రాబోయాడు. ఆవిడ ముక్కు తుడుచుకుని అరచెయ్యి మళ్ళీ అక్కడే పెట్టింది. "కూర్చో. ఊపిరి వదులు." వాడు ఇంకోసారి విసిరాడు. ఆవిడ చెయ్యి మళ్ళీ అక్కడికే వచ్చింది. అప్పుడు కామెన్ కూర్చున్నాడు.

"క్షమించు టీచరమ్మా" అన్నాడు వెల్కో.

"దేనికి? వాడు నన్ను కొట్టలేదు, చప్పుణ్ణి కొట్టాడు. ఒక్కటి గుర్తుపెట్టుకోండి వెల్కో గారూ. దెబ్బ తగిలిందని చెయ్యి తీసేస్తే, కొడితే చెయ్యి పోతుందని నేర్పినట్టు. తియ్యకూడదు. అలాగని తిరిగి కొట్టకూడదు. మీకు రెండోదే కష్టం, ఊళ్ళో విన్నాను."

వెల్కో తల దించుకున్నాడు. ముక్కులో దూది కుక్కుకున్న మనిషితో వాదన పెట్టుకోవడం ఎవరికైనా కష్టమే.

చలికాలం మధ్యలో వచ్చే సుర్వ అనే వేషాల పండగకి వ్రాన్‌దోల్ ఎలుగు వేషం వెల్కోదే, ఏళ్ళ తరబడి. మేకతోళ్ళు కుట్టిన ఒళ్ళు, కొయ్యతో చెక్కిన తల, నడుముకు ఒక్కటే గంట, తాతలనాటిది, గొంతు బొంగురు. మిగతా వేషగాళ్ళంతా ఒంటినిండా గంటలు కట్టుకుని ఎగురుతూ ఇల్లిల్లూ తిరుగుతారు. ఎలుగుని మాత్రం ఆడించేవాడు గొలుసుతో నడిపిస్తాడు. ఎలుగు మీదపడి తొక్కితే ఆ ఏడంతా రోగం రాదు. ముసలమ్మలు నడుంనొప్పులకి వాళ్ళంతట వాళ్ళే మంచులో బోర్లా పడుకుంటారు. ఎలుగు తొక్కినవాడు కోప్పడకూడదు, లేచి నవ్వుతూ ద్రాక్షసారా పొయ్యాలి. అది ఊరి కట్టు.

ఎలుగుని ఆడించే ముసలాయన ఆ శరదృతువులోనే పోయాడు. ఊరి హాల్లో సాధన జరుగుతుంటే కొడుకుని ఇంట్లో వదల్లేక వెల్కో వెంట తెచ్చుకున్నాడు. జోర్నిత్స కూడా వచ్చింది, వాడు ఆ గంటల హోరుకి ఎక్కడ పగిలిపోతాడోనని. వాడు పగల్లేదు. హోరు మధ్యలోకి పోయి నిలబడ్డాడు. చెప్పాపెట్టకుండా వచ్చే చప్పుడు వాడికి కత్తిపోటు, తెలిసిన చప్పుడు దుప్పటి. అంతేకాదు, మనుషుల్ని తాకనివాడు ఎలుగు తోలుమీద చెయ్యేసి వెంట నడిచాడు. ఎలుగుకి మొహం లేదు. పళ్ళున్నాయి గాని అవి కొయ్యపళ్ళు, ఎప్పుడూ ఒక్కలాగే ఉంటాయి.

జోర్నిత్స ఆ మర్నాడే మొహాల బొమ్మలన్నీ బీరువాలో పడేసింది.

"మొహం వద్దు. ఒళ్ళు చదువుదాం" అంది. "వేషగాళ్ళ నాయకుడు నైడెన్ తాతని అడిగాను, గొలుసు కామెన్‌కి ఇస్తానన్నాడు. మీరు ఎలుగై రెచ్చిపోండి. కొన్నిసార్లు ఉత్తుత్తిగా, కొన్నిసార్లు నిజంగా. ఏది ఆటో ఏది నిజమో వాడు చెప్పాలి."

"నిజంగా కోపం ఎక్కణ్ణుంచి తేను, తలుచుకోగానే?"

"బస్సు డ్రైవరుని తలుచుకోండి."

తలుచుకుంటే వచ్చింది. అంత తేలిగ్గా వచ్చినందుకు వెల్కోకే సిగ్గేసింది. హాల్లో కుర్చీలు విరిగాయి. ఒకసారి గోడమీద గుద్దితే సున్నం రాలి వేళ్ళు చితికాయి. కామెన్ గొలుసు పట్టుకుని చూస్తూ, మొదట్లో అన్నీ తప్పు చెప్పేవాడు. గంతులేస్తే "నిజం" అనేవాడు. కదలకుండా నిలబడి పళ్ళు కొరుకుతుంటే "ఆట" అనేవాడు. ఒకరోజు గొలుసు వదిలేసి ఎలుగు నడుముకేసి చెవి పెట్టాడు.

"గంట ఆగింది" అన్నాడు. "నిజం."

జోర్నిత్స లేచి నిలబడింది. నిజమే. ఉత్తుత్తిగా రెచ్చిపోతే వెల్కో మడమలు లేస్తాయి, ఒళ్ళంతా ఊగుతుంది, గంట ఆగకుండా మోగుతుంది. లోపల నిజంగా రగిలితే మనిషి రాయి అయిపోతాడు, ఊపిరి కూడా బిగబడుతుంది, గంట మూగబోతుంది. కట్టుకున్న పెళ్ళానికి తెలియలేదు, తల్లికి తెలియలేదు. ఇన్నేళ్ళూ తన కోపం ఎలా ఉంటుందో వెల్కోకే తెలియలేదు.

అక్కణ్ణుంచి వాడికి తిరుగులేదు. "నిజం" అని చెప్పాక ఏం చెయ్యాలో కూడా జోర్నిత్స నేర్పింది. వెనక్కి వెళ్ళాలి. వీపుమీద అరచెయ్యి పెట్టి నొక్కాలి. "కూర్చో మార్టిన్, ఊపిరి వదులు" అనాలి. ఆడించే ఎలుగుల పేరు ఆ దేశంలో ఎక్కడైనా మార్టినే. వాడికే లోపల పొంగుకొస్తే అదే అరచెయ్యి ముందు తన గుండెమీద పెట్టుకోవాలి. ఎలుగు కూర్చున్నాక తల తీసి జవాబివ్వాలి, "సరిగ్గా చెప్పావు" అనో "తప్పు" అనో.

"ఆ జవాబులో అబద్ధం ఉండకూడదు" అని జోర్నిత్స వేలు చూపించి చెప్పింది. "మనం లోకాన్ని వందరకాలుగా సరిచూసుకుంటాం. వాడికున్నది మీ మాట ఒక్కటే."

వెల్కో ఒక్కసారి అబద్ధమాడాడు. క్రిస్మస్ ముందు, సాధనలో ఒకడు "తండ్రి ఎలుగు, కొడుకు కోతి" అని గొణిగాడు. గంట ఆగింది. కామెన్ "నిజం" అన్నాడు. అందరూ చూస్తున్నారని వెల్కో తల తీసి నవ్వాడు. "తప్పురా. ఆటే" అన్నాడు. కామెన్ గంటకేసి, తండ్రికేసి మార్చి మార్చి చూశాడు. ఆ వారమంతా వాడికి ఏది ఏదో తెలియకుండా పోయింది. ఆటని నిజమన్నాడు, నిజాన్ని ఆటన్నాడు, చివరికి పొయ్యి ఇటుకలకేసి తల బాదుకుని నుదురు ఎముకదాకా చీల్చుకున్నాడు. కుట్లు వేయించి తీసుకొచ్చి, వెల్కో వాడి మంచం పక్కన మోకాళ్ళమీద కూర్చున్నాడు. "నువ్వే సరిగ్గా చెప్పావురా. నేను అబద్ధమాడాను. ఇంక ఆడను." వాడు గోడవైపు తిరిగే ఉన్నాడు. కాసేపటికి తండ్రి వైపు ఒక చెయ్యి చాపాడు.

పండగనాడు పొద్దున, చలికి ఉమ్మి గడ్డకడుతోంది. నైడెన్ తాత ముందు, పెళ్ళికొడుకు వేషం, పెళ్ళికూతురి వేషం, పూజారి వేషం, ఆ వెనక గంటలవాళ్ళు, చివర ఎలుగు. గొలుసు కామెన్ చేతిలో ఉంది. పిల్లలు గేటు స్తంభాలెక్కి చూస్తున్నారు. అమ్మమ్మ స్తానా బానిత్స అనే జున్నురొట్టెల పళ్ళెం పట్టుకుని జనంతోపాటు ఇల్లిల్లూ వస్తోంది, మనవడికి చేతికి అందనంత దూరం ఉంచుకుని. ముగ్గురు ముసలమ్మలు, నడుంనొప్పి ఉన్న పోస్టుమాను మంచులో పడుకుని తొక్కించుకున్నారు. కామెన్ ప్రతిసారీ పొగరుగా "ఆట" అని ప్రకటించాడు. జనం నవ్వారు. వెల్కోకి ఆ కొయ్యతల లోపల కళ్ళు చెమర్చాయి.

క్రూమ్ వాకిట్లో రంపపుపొట్టు మంచుతో కలిసి పసుపుపచ్చగా ఉంది. కొడుకు ఇంకా చెయ్యి మెడకు కట్టుకుని కిటికీలోంచి చూస్తున్నాడు. క్రూమ్ పొద్దున్నే రకియా సారా వేసినట్టున్నాడు, బుగ్గలు ఎర్రగా ఉన్నాయి.

"రండి రండి. కొత్త ఎలుగువాణ్ణి చూద్దాం" అన్నాడు పళ్ళు బయటపెట్టి. "గుండె ఉందో లేదో."

జేబులోంచి ఏదో తీసి కామెన్ కాళ్ళ దగ్గరికి విసిరాడు. సీమటపాకాయ.

అది పేలినప్పుడు కిటికీలు అదిరాయి. కామెన్ గొలుసు వదిలేసి నేలమీద పడ్డాడు. చెవులు మూసుకుని, కుట్లు పడ్డ నుదురు గేటు రాయికేసి కొట్టుకున్నాడు. మంచుమీద ఎర్రగా చిందింది. ఎవరో నవ్వారు. ఎవరో నవ్వకండిరా అన్నారు. వెల్కోకి కొయ్యతల రంధ్రాల్లోంచి కనిపించింది ఒక్కటే, క్రూమ్ పళ్ళు.

ఎలుగు క్రూమ్ మీద పడింది. వెల్లకిలా మంచులో పడేసి గుండెలమీద కూర్చుంది. జనం ఒక్కసారిగా కేరింతలు కొట్టారు.

"తొక్కు మార్టిన్, తొక్కు."

"ఆరోగ్యం, ఆరోగ్యం. మిల్లువాడికి రెండేళ్ళకి సరిపడా పెట్టు."

గంటలవాళ్ళు చుట్టూ చేరి ఇంకా ఎగిరారు. పూజారి వేషం వేసినవాడు కుంచెతో ఇద్దరిమీదా నీళ్ళు చల్లాడు. మేకతోలు చేతుల కింద వెల్కో వేళ్ళు క్రూమ్ గొంతుని పట్టుకున్నాయి. రెండు దెబ్బలు మొహంమీద వేశాక పిడికిలి విప్పి గొంతుకే వచ్చాడు, కొట్టడం చాలదనిపించి. బొటనవేళ్ళ కింద మెత్తటి ఎముక ఒకటి ఒంగడం తెలుస్తోంది. క్రూమ్ కాళ్ళు మంచుని తన్నుతున్నాయి. అది చూసి జనం ఇంకా నవ్వారు. ఎలుగు కింద పడ్డవాళ్ళు అలాగే తన్నుకుంటారు కదా. చంపుతున్నానని వెల్కోకి తెలుసు. ఆ క్షణంలో కొడుకు గాని, జడ్జి గాని, హోము గాని గుర్తు లేవు. ఊపిరి బిగబట్టి ఉన్నాడు. ఒళ్ళు రాయి అయిపోయింది.

వీపుమీద ఏదో ఆనింది. వెల్కో చూడకుండా మోచెయ్యి వెనక్కి విసిరాడు. అది ఎవరి మొహానికో తగిలింది, పళ్ళు కదిలిన చప్పుడైంది. వీపుమీది బరువు పోయింది.

మళ్ళీ వచ్చింది. రెక్కల మధ్య, అదే చోట.

ఈసారి ఇంకా గట్టిగా విసిరాడు. ఎవరో మంచులో దబ్బున పడ్డారు. జనంలో ఒక ఆడమనిషి కేక వేసింది. వెల్కో వేళ్ళు వదల్లేదు.

అరచెయ్యి మళ్ళీ వచ్చింది. దాని వెనక మొత్తం ఒక ఒంటి బరువు ఉంది.

"కూర్చో మార్టిన్" అంది నెత్తురు నిండిన నోరు, చెవి పక్కన. "ఊపిరి వదులు."

వెల్కో ఊపిరి వదిలాడు. నడుముకున్న బొంగురు గంట ఒక్కసారి మోగింది. వేళ్ళు వాటంతటవే విడిపోయాయి.

క్రూమ్ పక్కకి దొర్లి వాంతి చేసుకున్నాడు. గంటల మోత ఒక్కొక్కటే ఆగింది. అతని మెడచుట్టూ ఎర్రటి వేలిముద్రలు చూసి నైడెన్ తాత మొహం పాలిపోయింది. డెబ్భై ఏళ్ళ మనిషికి అర్థం కావడానికి ఎక్కువసేపు పట్టదు. పండగ ఊరేగింపుకి కాపలాగా వచ్చిన పోలీసు అసేన్ జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. అతనూ ఆ ఊరివాడే.

"ఏమైంది ఇక్కడ?"

"ఏమవుతుంది?" అన్నాడు నైడెన్ తాత గట్టిగా. "ఎలుగు తొక్కింది. ఈ ఏడు కాస్త బరువుగా తొక్కింది. క్రూమ్, లేచి సారా పొయ్యి."

"అవునవును, ఆటే" అన్నారు చుట్టూ ఉన్నవాళ్ళు. వెల్కో శిక్ష సంగతి ఊళ్ళో తెలియనివాడు లేడు.

అసేన్ క్రూమ్‌కేసి చూశాడు. "నువ్వు చెప్పు మామా. నీ మాట వింటా."

క్రూమ్ మెడ రుద్దుకున్నాడు. మంచులో పడిన టపాకాయ కాగితం చూశాడు. గేటు రాయిమీది నెత్తురు చూశాడు. కిటికీలో ఉన్న కొడుకుని చూశాడు. "ఆటే" అన్నాడు, గొంతు రాక. "ఆటేలే. వదిలెయ్."

"కాదు."

ఆ మాట అన్నది కామెన్. పైపెదవి రెండుగా చీలి, ముందుపన్ను ఒకటి వేలాడుతూ, ఒక అరచెయ్యి తన గుండెమీద పెట్టుకుని నిలబడి ఉన్నాడు. రెండో చేతిలో గొలుసు ఉంది.

"గంట ఆగింది. నిజం."

"వాడికేం తెలుసు పాపం" అంది ఎవరో ఆవిడ. "వాడికి ఆటా నిజం తెలియవుగా."

"అవును, పిల్లవాడికి తెలియదు" అన్నాడు నైడెన్ తాత తొందరగా. అసేన్ కూడా ఒప్పుకున్నట్టు చెయ్యి ఊపాడు. అతనికీ ఇంటికి పోయి చలి కాచుకోవాలనే ఉంది.

కామెన్ ఎవరివైపూ చూడలేదు. ఎలుగువైపే తిరిగి నిలబడ్డాడు, జవాబు కోసం. సాధనలో ఎప్పుడూ అలాగే నిలబడేవాడు.

కొయ్యతల లోపల వెల్కోకి చెమట కళ్ళలోకి కారుతోంది. ఒక్క మాట చాలు. 'తప్పురా, ఆటే' అంటే చాలు. ఊరంతా సాక్షి, కొట్టించుకున్నవాడు కూడా సాక్షి. సాయంత్రానికి ఇద్దరూ ఇంట్లో పొయ్యి దగ్గర కూర్చోవచ్చు. కానీ అంతమంది కళ్ళున్నవాళ్ళు ఆరోగ్యం ఆరోగ్యం అని చప్పట్లు కొడుతుంటే, అన్ని గంటల హోరులో ఒక్క గంట ఆగడం విన్నవాడు వీడొక్కడే. విని, లేచి, రెండుసార్లు మొహం పగిలినా చెయ్యి తియ్యనివాడు వీడొక్కడే. వీడికే తెలియదంటున్నారు. ఇప్పుడు తనూ అదే అంటే, వీడు ఇంక ఈ లోకంలో ఎవరిని నమ్మి ఎవరిని చదవాలి?

వెల్కో ఎలుగు తల తీసి మంచులో పెట్టాడు.

"సరిగ్గా చెప్పావు కామెన్" అన్నాడు. "ఆట కాదు. నిజం. నేను క్రూమ్‌ని చంపబోయాను. నువ్వు ఆపావు."

నైడెన్ తాత "ఒరేయ్ మూర్ఖుడా" అని తలపట్టుకున్నాడు. కామెన్ మాత్రం ఒక్కసారి తలూపి, చీలిన పెదవితో నవ్వాడు. లెక్క సరిపోయినవాడి నవ్వు అది.

అసేన్ టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. "నేను విన్నాను వెల్కో అన్నా. ఇంతమంది ముందు విన్నాక విననట్టు ఉండలేను."

"ఉండొద్దు. నా కొడుకుని మాత్రం..." అంటూ వెల్కో జనంలోకి చూశాడు.

స్తానా బానిత్స పళ్ళెం నేలమీద పెట్టి వచ్చింది. ఇందాక కేక వేసింది ఆవిడే. పమిటలాంటి నల్లటి తలగుడ్డ విప్పి మనవడి నోటికి చేత్తో అదిమిపెట్టింది. ఒకప్పుడు వాడు విరిచిన చెయ్యే అది. వాడు మూలిగాడు గాని కదల్లేదు.

"రెండు దెబ్బలు తిన్నాడు" అంది, అల్లుడికేసి చూడకుండా. "నువ్వు కొట్టిన దెబ్బలు. తిరిగి చెయ్యెత్తలేదు. నేను చూశాను."

"అత్తా..."

"నోరు ముయ్యి. నీకన్నా వాడే నయం. హోమూ లేదు గీమూ లేదు, నా ఇంట్లో ఉంటాడు. నువ్వు తిరిగొచ్చేదాకా."

తరవాత కోర్టులో పాతదీ కొత్తదీ కలిసి వెల్కోకి ఏడాది పైనే పడింది. క్రూమ్ సాక్షిగా వచ్చి, ముందు టపాకాయ విసిరింది నేనేనని తనే చెప్పాడు. అది వేరే సంగతి.

ఆ పొద్దున మాత్రం కామెన్ గొలుసు వదల్లేదు. ఆడించేవాడు ఎలుగుని చివరి ఇంటిదాకా నడిపించాలి, అది వాడు నేర్చుకున్న పని. జనం దారి ఇచ్చారు. అసేన్ పోలీసు జీపు దాకా నడిపించి, వెనక తలుపు దగ్గర "కూర్చో మార్టిన్" అన్నాడు. వెల్కో మేకతోలుతోనే ఎక్కి కూర్చున్నాడు. కూర్చోగానే నడుముకున్న గంట సన్నగా, ఆగకుండా వణకడం మొదలుపెట్టింది. అతను రెండు చేతులతో పట్టుకున్నా అది ఊరుకోలేదు.

కామెన్ తల వంచి విన్నాడు. నుదురు ముడిపడింది.

"ఆట కాదు" అన్నాడు. "కోపం కాదు. ఇదేంటి నాన్నా?"

ఎదుటివాడి లోపల ఏముందని వాడు తనంతట తాను అడగడం అదే మొదటిసారి.

"భయంరా" అన్నాడు వెల్కో. "నిన్ను వదిలి వెళ్ళాలంటే భయం."

కామెన్ ఆ మాటని నెత్తుటి పెదవితో తనలో తాను ఒకసారి అనుకున్నాడు. తరవాత జీపులోకి వంగి, తండ్రి వీపుమీద అరచెయ్యి పెట్టి నొక్కాడు. డ్రైవరు సీట్లో ఉన్న అసేన్ తాళం తిప్పకుండా చాలాసేపు కూర్చున్నాడు.